కత్తెర పడిన వైపు

పోయిన శుక్రవారం శాంతి కౌంటరు మీద పెట్టిన వెండిరంగు ముక్క ఇంకా ఫర్జానా హ్యాండ్‌బ్యాగులోనే ఉంది. నాలుగు బిళ్ళల ముక్క. రెండు వాడేశారు, రెండు మిగిలాయి. శాంతి తల్లి దేవమ్మ దివిసీమ పొలాల్లో కూలికి వెళ్ళి వెళ్ళి మోకాళ్ళు అరగదీసుకున్న మనిషి. ఉపవాస కూడికలో పాట పాడుతూ పాడుతూ కుప్పకూలిపోతే బందరు తీసుకొచ్చి ఆసుపత్రిలో చేర్చారు. ఈ ముక్క ఆవిడ బైబిలు సంచిలో దొరికింది. "ఇదేం మందో కాస్త చూసి చెప్పండి" అని శాంతి అడిగితే, పదకొండేళ్ళుగా మందుల షాపులో ఫార్మసిస్టుగా నిలబడుతున్న ఫర్జానా చూపు మందు పేరు మీద ఆగలేదు. దానిమీద అడ్డంగా ఉన్న నీలం గీత మీద ఆగింది. ఆ గీత గీసింది తనే.

అక్కడిదాకా చెప్పుకున్నాం. ఆ సంగతి ఫర్జానా శాంతికి చెప్పలేదు. "స్టెరాయిడ్ అండీ, డాక్టరు గారికి చూపించండి" అని ఫోనులో ఫొటో తీసి పంపి, ముక్క మాత్రం తన దగ్గరే ఉంచేసుకుంది. ఎందుకుంచుకున్నారని శాంతి ఇప్పటికీ అడగలేదు. అడగకపోవడమే ఫర్జానాకు భయంగా ఉంది.

ఆ నీలం గీత కథేమిటంటే, మందుల షాపుల్లో ఒక పద్ధతుంది. పది బిళ్ళల స్ట్రిప్పుకి ఒక చివర బ్యాచ్ నంబరూ గడువు తేదీ ఉంటాయి. రెండో మూడో విడిగా అడిగినవాళ్ళకి ఎప్పుడూ నంబరు లేని చివరి నుంచే కత్తిరించి ఇస్తారు. నంబరున్న వైపు ఆఖరికి మిగలాలి. లేకపోతే మిగిలినవి ఎప్పటివో షాపువాడికే తెలీదు. ఫర్జానా కౌంటరెక్కిన మొదటి రోజున షాపు యజమాని, మేనమామ అయిన చాంద్ బాషా నేర్పిన మొదటి పాఠం అదే. అలా మిగిలిన ఆఖరి ముక్కకు గడువు కూడా తీరిపోతే, ఫర్జానా దానిమీద నీలం మార్కరుతో గీత గీసి తగరపు డబ్బాలో పడేస్తుంది. గుడివాడ డీలరు నిండు స్ట్రిప్పులైతే వెనక్కి తీసుకుంటాడు గానీ, కత్తెర పడ్డవాటిని ముట్టుకోడు. అందుకని మూడు నెలలకోసారి ఆ ముక్కల్ని నాశనం చెయ్యాలి. చేశామని కాగితం రాయాలి. కాగితం కింద ఫార్మసిస్టు సంతకం ఉండాలి.

సంతకాలు పెట్టింది ఫర్జానా. డబ్బా పట్టుకెళ్ళింది చాంద్ బాషా. నాశనం అవడం ఎవరు చూశారయ్యా అంటే, చూశానని చెప్పేవాళ్ళు లేరు.

సోమవారం డ్రగ్ ఇన్‌స్పెక్టరు సులోచన షాపుకొచ్చింది. గొంతు పెంచే మనిషి కాదు. అన్నీ వింటుంది, ఏదీ నమ్మదు. "గురువారం పదకొండింటికి మళ్ళీ వస్తానమ్మా. నాశనం చేసిన మందుల కాగితాలన్నీ తీసి ఉంచండి. ఎక్కడ చేశారు, ఎలా చేశారు, ఎవరి ఎదురుగా చేశారు, మీ నోటితోనే చెప్పాలి" అంది. ఆవిడ మందు పేరైనా ఎత్తకముందే చాంద్ బాషా అందుకుని, "మా షాపులో స్టెరాయిడ్లు చీటీ లేకుండా ఇవ్వం మేడం" అన్నాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది వ్యవహారం. స్టెరాయిడ్ అని ఆవిడ అననే లేదు.

ఆ రోజు నుంచి ఫర్జానా మేనమామను కనిపెట్టి చూస్తోంది. అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు. చిన్నప్పుడు తనను సైకిలు మీద స్కూలుకి దింపిన మామూ, నాన్న పోయాక ఇంటికి పెద్దదిక్కైన మామూ, ఇప్పుడు సొరుగు తీసినా దొంగలాగే కనిపిస్తున్నాడు. "మామూ, ఆ డబ్బా ఏం చేస్తున్నారు?" అని నిన్న తెగించి అడిగింది. "కాలవలో కలిపేస్తున్నాను, నీకెందుకే ఇప్పుడు?" అని మొహం పక్కకు తిప్పుకున్నాడు. అబద్ధమాడేటప్పుడు ఆయన చెవి గోక్కుంటాడు. నిన్న రెండు చెవులూ గోక్కున్నాడు.

రేపు పదకొండింటికి సులోచన అడిగే ప్రశ్నకు జవాబు లేకపోతే షాపు లైసెన్సు సంగతి తర్వాత, ముందు ఊడేది ఫర్జానా సర్టిఫికెట్టు. అమ్మ మహమూదా నర్సింగ్ హోములో ఆయాగా పాతికేళ్ళు నేలలు తుడిచి చదివించిన చదువు అది. దాన్ని ఎవరో చాటుగా తినేశారు. ఎవరో తెలుసుకోవాలి. అందుకే ఈ బుధవారం షాపుకి సెలవు పెట్టి, రోజా ఉపవాసంతోనే, శాంతి పక్కన అవనిగడ్డ బస్సులో కూర్చుంది.

బస్సు చల్లపల్లి దాటింది. శాంతి గ్రామ సచివాలయంలో పని చేస్తుంది, ముప్పై దాటలేదు. ఆసుపత్రి బెంచీ మీద నిద్రలేక కళ్ళు గుంటలు పడ్డాయి.

"డాక్టరు గారు పొద్దున ఏమన్నారో తెలుసాండీ?" అంది కిటికీ వైపే చూస్తూ. "మందు కంటే మానడం ముంచిందన్నారు."

ఫర్జానా తలూపింది.

"నెలల తరబడి ఆ బిళ్ళ వేసుకుంటే ఒంట్లో సహజంగా తయారవ్వాల్సింది తయారవ్వడం మానేస్తుందట. ఉన్నట్టుండి ఆపేస్తే బీపీ పడిపోయి మనిషి జారిపోతుందట. కొంచెం కొంచెం తగ్గించుకుంటూ రావాలట. మీకు తెలుసా ఇదంతా?"

"చదువుకున్నాం కదండీ."

"అమ్మ చదువుకోలేదు. అమ్మకెవరూ చెప్పలేదు."

ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందో, బాధే ఉందో ఫర్జానాకు తెలియలేదు.

"క్రిస్మస్‌కి చూడాలి అమ్మని" అంది శాంతి కాసేపయ్యాక. "మొహం నున్నగా, గుండ్రంగా నిండి, గబగబా మెట్లెక్కుతోంది. ఆకలని అడిగి మరీ తింటోంది. ఒళ్ళు చేసింది, దేవుడు దయ చూపాడనుకున్నాం. మందిరంలో లేచి నిలబడి సాక్ష్యం కూడా చెప్పింది, ప్రభువు నా మోకాళ్ళు బాగుచేశాడని. ఈ ఉపవాస దినాలు మొదలయ్యాక కొన్నాళ్ళకి బిళ్ళలు మానేసింది. బాగుచేసిన ఆయనుండగా ఇంకా బిళ్ళలు మింగితే ఆయన్ని నమ్మనట్టే కదే అంది. నేనూ నిజమే అనుకున్నాను."

ఫర్జానాకు ఆ అమ్మాయి చెయ్యి పట్టుకోవాలనిపించింది. హ్యాండ్‌బ్యాగులో ఉన్న ముక్క గుర్తొచ్చి, ఏ మొహంతో పట్టుకోవాలో తెలియక ఊరుకుంది.

"ఇంకా పూర్తిగా తెలివి రాలేదండీ. స్టెరాయిడ్ సంగతి మేం చూసుకుంటున్నాం, మీ ఊరి ఆరెంపీ పొట్లంలో ఇంకేమన్నా కలిపిచ్చారా అది తెలుసుకు రండి అన్నారు. అందుకే వెళ్తున్నా. మరి మీరెందుకొస్తున్నారు?"

సూటిగా అడిగింది.

"చూస్తే నేను గుర్తుపట్టగలనని."

"బిళ్ళలకేం, ఫొటో తీసి పంపినా గుర్తుపట్టేవారు" అంది శాంతి. అని మళ్ళీ కిటికీ వైపు తిరిగింది. పులిగడ్డ దగ్గర బస్సు కృష్ణ పాయ దాటుతున్నంతసేపూ ఫర్జానా తన చేతులు తనే చూసుకుంటూ కూర్చుంది. తెల్లారకముందు సహరీ భోజనానికి అమ్మ ఏమీ తినలేకపోయింది, రెండు ముద్దలు పెట్టుకుని వాంతి చేసుకుంది. ఇవాళ రోజా వద్దమ్మా అంటే వినలేదు. ఇంటికి ఒకసారి ఫోన్ చెయ్యాలనుకుంది. ఈ అమ్మాయి పక్కనుండగా ఎందుకులే అనుకుని మానేసింది.

నాగాయలంక రోడ్డు మీద దిగి, ఆటోలో దేవమ్మ ఉండే పాలెం చేరేసరికి ఒంటిగంటన్నర. సగం రోడ్డు మీద మినపకట్టె పరిచి ఉంది, వచ్చే పోయే బళ్ళే తొక్కి గింజ రాలుస్తున్నాయి. ఆ ఆరెంపీ కృపావరం ఇంటి ముందు ప్రథమ చికిత్స కేంద్రం అన్న బోర్డు. మామూలు రోజైతే అరుగు మీద పదిమంది ఉంటారు. ఇవాళ ఒక కుర్చీ, ఒక బీపీ మిషను, కృపావరం.

అరవై దాటిన మనిషి. తెల్ల చొక్కా ఇస్త్రీ నలగలేదు. శాంతిని చూడగానే లేచి నిలబడ్డాడు.

"శాంతమ్మా, అమ్మెలా ఉందమ్మా? నేనే వద్దామనుకున్నాను. మీ అన్న శ్యామ్ సుందర్ కాళ్ళు విరగ్గొడతానన్నాడని ఆగాను."

"ఆగి మంచిపని చేశావు బాబాయ్. అమ్మకేం మందులిచ్చావో అన్నీ తెచ్చి ఇక్కడ పెట్టు."

"పెడతానమ్మా. దాచేదేముంది. ఈవిడెవరు?"

"బందరు మెడికల్ షాపు మేడం. ఫర్జానా గారు."

కృపావరం మొహంలో రంగు మారింది. అది భయమైతే ఫర్జానా అర్థం చేసుకునేది. కానీ అతను చేతులు జోడించాడు, బాగా తెలిసిన పెద్ద డాక్టరుకు జోడించినట్టు.

"మీరాండీ! కూర్చోండమ్మా, కూర్చోండి. మిమ్మల్ని ఎప్పుడూ చూళ్ళేదు గానీ, మీ చేతి మందే వాడుతున్నాను రెండేళ్ళుగా."

శాంతి మెల్లగా తల తిప్పి ఫర్జానాను చూసింది. ఆ చూపులో ఇక అడగాల్సిందేమీ మిగల్లేదు. దొరికావు అన్నట్టుంది.

"నా చేతి మందేమిటండీ?" అంది ఫర్జానా. నోరు ఎండిపోయింది, పొద్దుటి నుంచి నీళ్ళు లేక కాదు. "డబ్బా తీసుకురండి ముందు."

అతను లోపలికెళ్ళి బిస్కెట్ల డబ్బా ఒకటి తెచ్చాడు. ఫర్జానా న్యూస్‌పేపరు పరిచి దాన్ని బోర్లించింది. గలగలమంటూ పడ్డాయి ముక్కలు. రెండు బిళ్ళలవి, మూడువి, నాలుగువి. ఆమె వాటిని వరసగా పేర్చడం మొదలెట్టింది. చేతులు అలవాటైన పని చేస్తుంటే మనసు కాస్త కుదురుకుంది. అరడజను పేర్చాక వేగం తగ్గింది. డజను పేర్చాక చెయ్యి ఆగింది.

ప్రతి ముక్కకూ నంబరుంది. ప్రతి ముక్క మీదా గడువు తేదీ ఉంది. కత్తెర అన్నిటికీ ఒకే వైపు పడింది. అసలు షాపుల్లో కొన్నవే అయితే నంబరు లేని ముక్కలే ఎక్కువుండాలి, జనానికి ముందు వెళ్ళేవి అవే కదా. ఇక్కడ అలాంటిది ఒక్కటంటే ఒక్కటి లేదు. ఇవి కొన్నవి కావు. ఒక్క షాపు కౌంటరు మీద రెండేళ్ళుగా మిగిలిన ఆఖరి ముక్కలు. అన్నిటి మీదా అడ్డంగా నీలం గీత.

అంతటితో అయిపోలేదు. వరసలో అడుగున తొమ్మిది ముక్కల మీద ఎర్ర గుర్తుంది. నిద్ర బిళ్ళలు.

"ఇవి కూడా ఇచ్చారా దేవమ్మ గారికి?"

"రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదంటే అర బిళ్ళ ఇచ్చేవాణ్ణమ్మా."

"శాంతి గారూ, ఫొటో తీసి డాక్టరు గారికి ఇప్పుడే పంపండి. వాళ్ళకి కావాల్సింది ఇదే."

శాంతి ఫొటో తీసింది, పంపింది. ఫోన్ లోపల పెట్టలేదు. వీడియో నడుస్తోందేమోనని ఫర్జానాకు అనుమానమొచ్చింది. నడవనీ అనుకుంది.

"కృపావరం గారూ, ఈ ఎర్ర గుర్తంటే ఏంటో తెలుసా మీకు? స్టెరాయిడ్‌కే డాక్టరు చీటీ లేకుండా ఇవ్వకూడదని చట్టం. దీనికి ఇంకా గట్టి కట్టుబాటు. విడిగా రిజిస్టరు ఉంటుంది. ఏ డాక్టరు రాశాడు, ఎవరు కొన్నారు, ఎన్ని బిళ్ళలు, అన్నీ రాసి మూడేళ్ళు దాచాలి. ఒక్క బిళ్ళ తేడా వచ్చినా జవాబు చెప్పాలి. ఈ తొమ్మిది ముక్కలూ మా రిజిస్టరులో నాశనమైపోయాయి. నేనే రాశాను. నేనే సంతకం పెట్టాను."

"సంతకం మీదా?" అంది శాంతి.

"నాదే. ఆ నీలం గీత కూడా నాదే శాంతి గారూ. మీరు తెచ్చిన మొదటి రోజే గుర్తుపట్టాను. చెప్పలేదు. భయమేసింది."

"మా అమ్మ అక్కడ పడుంటే ఐదు రోజులు మీరు మీ సర్టిఫికెట్టు చూసుకున్నారన్నమాట" అంది శాంతి. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేదనిపించింది ఫర్జానాకు.

మధ్యలో కృపావరం అందుకున్నాడు. "చట్టం చట్టం అంటారు. నా అరుగు మీద కూర్చునేవాళ్ళల్లో చీటీ ఉన్నదెవరికమ్మా? డాక్టరు దగ్గరికెళ్ళాలంటే ఒక రోజు కూలి పోవాలి, బస్సు చార్జీలు కావాలి. దేవమ్మ మోకాళ్ళు పట్టేసి బురదలో కూలబడిపోతే ఎత్తుకొచ్చి ఈ అరుగు మీదే పడుకోబెట్టారు. ఇచ్చాను. లేచి నడిచింది. నేను తప్పు చేశానేమో గానీ మోసం చెయ్యలేదు. మీ గీత లేని మందు ఒక్కటి ముట్టుకోలేదు. చదువుకున్న అమ్మాయి చూసి గుర్తు పెట్టిన మందని చెప్తే నమ్మాను."

"ఎవరు చెప్పారలా? మా మామూయేనా?" ఫర్జానా ముందుకు వంగింది. అడగడానికే ఇంత దూరం వచ్చింది. "చాంద్ బాషా గారేనా మీకిచ్చేది?"

"చాంద్ బాషా గారా?" కృపావరం నిజంగానే తెల్లబోయాడు. "ఆయనకి నా మొహం కూడా తెలీదమ్మా."

"మరి ఎవరు?"

అతను శాంతి వైపు చూశాడు, నేల వైపు చూశాడు. "మీకు తెలుసనే అనుకుంటున్నాను ఇప్పటిదాకా. మిమ్మల్ని అడిగే ఇస్తోందనుకున్నాను." ఆగాడు. "మహమూదా ఆపా."

ఫర్జానాకు మాట వినబడింది గానీ మనిషి వెంటనే గుర్తు రాలేదు. బందరులో ఎంతమంది మహమూదాలు లేరు? మరుక్షణం అన్నీ ఒకదానివెంట ఒకటి వచ్చి కూర్చున్నాయి. శుక్రవారం శుక్రవారం షాపుకి క్యారియర్ తెచ్చే అమ్మ. వెళ్ళేటప్పుడు బరువెక్కే అమ్మ బుట్ట. రెండు చెవులూ గోక్కున్న మామూ. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడి సంగతేమో గానీ, ఫర్జానా కూతురై ఉండీ పట్టలేకపోయింది.

"ఒకే నర్సింగ్ హోములో చేశాం మేం. అక్కలాంటిదని ఆపా అంటాను. ఆవిడ ఆయా, నేను కాంపౌండరుని" అన్నాడు కృపావరం. "తమ్ముడు కాలవలో పారేసి రమ్మని డబ్బా ఇస్తే ఆవిడకి చేతులు రాలేదట. మందు పారేస్తే అన్నం పారేసినట్టే కృపావరం అనేది. నెల దాటితే దినుసు చెడిపోతుందా, తేదీ దాటితే మందు మాత్రం చెడిపోతుందా అనేది. పైసా పుచ్చుకోలేదమ్మా, ఒట్టు. ఖైరాత్ అనేది. లేనివాళ్ళకివ్వు, నా కూతురి పేరున దువా చేయించు అనేది."

తన పేరున ప్రార్థనలు చేయించింది. ఫర్జానాకు నవ్వొచ్చినట్టూ ఏడుపొచ్చినట్టూ అయింది. రేపు సులోచన ముందు ఎవరి పేరు చెప్పాలి? నాశనం చేయించానని అబద్ధమాడిన మామూ పేరా? చూడకుండా సంతకం పెట్టిన తన పేరా? తన కోసం పుణ్యం పోగేసిన అమ్మ పేరా?

"ఆపా చాలా మంచిదమ్మా. ముందు తను వేసుకుని చూసే ఇచ్చింది" అన్నాడు కృపావరం, అమ్మ తరఫున సాక్ష్యం చెప్తున్నట్టు.

"ఏం వేసుకుని?"

"ఈ తెల్ల బిళ్ళే. ఆవిడకీ మోకాళ్ళ నొప్పులేగా. ఏడాది పైమాటే అయుంటుంది, రోజూ ఒకటి."

ఫర్జానా లేచి నిలబడింది. ఎందుకు లేచిందో ఆమెకే తెలీదు.

గుండ్రంగా నిండిన అమ్మ మొహం. పక్కింటి మెహజబీన్ మొన్న మొన్ననే అంది, మీ అమ్మీ పడుచుదైపోతోందే అని. ఇఫ్తార్‌కి రెండు పళ్ళేలు తినేది. చెయ్యి గుమ్మానికి తగిలితే చాలు నల్లగా కమిలిపోయేది. స్టెరాయిడ్ వాడకం తెలిపే ఈ గుర్తులన్నీ పుస్తకంలో ఒకే పేజీలో చదువుకుని పరీక్ష రాసింది. ఇంట్లో ఏడాదిగా రోజూ కళ్ళెదుట తిరుగుతుంటే పోల్చుకోలేకపోయింది.

ఆ తర్వాత శనివారం ఇఫ్తార్ గుర్తొచ్చింది. ఖర్జూరం నోట్లో వేసుకుంటూ, అలసటలో, అమ్మకు పాఠం చెప్పే ఓపిక లేక, తనే అంది: "చిన్న తెల్ల బిళ్ళమ్మా, అది మింగీ మింగీ దివిసీమలో ఒకావిడ ప్రాణం మీదికి తెచ్చుకుంది." అమ్మ చేతిలో గ్లాసు ఆగిపోయింది. ఎవరావిడ అని కూడా అడగలేదు. ఆదివారం నీరసం. సోమవారం గోడ పట్టుకుని నడిచింది. ఇవాళ వాంతి. రోజాలు కదా, పైత్యం అనుకుంది ఫర్జానా.

ఫోన్ తీసింది. మొదటిసారి తప్పు నొక్కింది. ఆరు రింగుల తర్వాత ఎత్తింది అమ్మ.

"అమ్మీ! ఆ తెల్ల బిళ్ళలు... నువ్వు వేసుకుంటున్నావా?"

ఊపిరి తీసుకుని తీసుకుని మాట్లాడింది అమ్మ.

"ఎవరు చెప్పారే? కృపావరమా?" గొంతు ఎక్కడో బావిలోంచి వచ్చినట్టుంది. "భయపడకు బేటీ. నువ్వు శనివారం చెప్పావు చూడు, ఆ రోజు నుంచి ఒక్కటంటే ఒక్కటి ముట్టుకోలేదు. అల్లా మీద ఒట్టు. పూర్తిగా మానేశాను."

ఫర్జానా కళ్ళు మూసుకుంది. శాంతి దగ్గరకొచ్చింది. అడగకుండానే ఫోన్ అందుకుని స్పీకరులో పెట్టి మళ్ళీ ఆమె చేతిలోనే ఉంచింది.

"అమ్మీ, నా మాట విను. రోజా ఇప్పుడే విడిచెయ్. ఉప్పూ పంచదారా వేసుకుని నీళ్ళు తాగు. పక్కన మెహజబీన్‌ని పిలువు."

"ఆమె పుట్టింటికెళ్ళిందిగా. ఇఫ్తార్‌కి ఇంకెంతసేపుందే? చీకటిగా ఉంది ఇల్లంతా."

మధ్యాహ్నం రెండింటికి చీకటేమిటి?

అప్పుడే ఫోనులో తలుపు కొట్టిన చప్పుడు. ఒకసారి. మళ్ళీ ఒకసారి.

"ఎవరో వచ్చారే. ఇందాకట్నుంచీ కొడుతున్నారు. కిటికీలోంచి పేరు చెప్పింది, సులోచన అంట. షాపుకెళ్తే చాంద్ ఇక్కడికి పంపాడట. నీకు తెలుసా ఆవిడ?"

గురువారం అన్న మనిషి బుధవారమే వచ్చింది.

"తలుపు తియ్యలేదు నేను" అంది అమ్మ రహస్యంగా. "గడియ వేసే ఉంది. డబ్బా మంచం కిందే ఉంది బేటీ, నిండుగా. ఎర్ర గుర్తువి కూడా ఉన్నాయి. ఆవిడ చూస్తే నీ ఉద్యోగం పోతుందేమో. తియ్యమంటావా? పోయేదాకా ఊరుకోమంటావా?"

ఫర్జానా నోరు తెరిచింది. మాట రాలేదు. సెకను కంటే ఎక్కువ కాదు. ఆ సెకనులో ఆమె డబ్బా గురించే ఆలోచించింది. ఆ తర్వాత జన్మంతా ఆ సెకనుకు ఆమె తనను తాను క్షమించుకోలేకపోతుంది.

శాంతి ఆమె మొహంలోకే చూస్తోంది.

"మా అమ్మ పడిపోయినప్పుడు చుట్టూ ముప్పైమంది ఉన్నారండీ" అంది మెల్లగా. "అందుకే బతికింది."

"తియ్యమ్మా!" ఫర్జానా అరిచింది. మినపకట్టె తిరగేస్తున్నవాళ్ళు అటు తిరిగి చూశారు. "తలుపు తియ్యి. ఆవిడకి అన్నీ చెప్పు. డబ్బా చూపించు. నా పేరు చెప్పు, మామూ పేరు చెప్పు, ఏమైనా చెప్పు. గడియ తియ్యమ్మీ!"

"సరేలే, అరవకు. లేస్తున్నా" అంది మహమూదా.

మంచం కిర్రుమంది. చెప్పుల చప్పుడు, ఒక అడుగు, రెండు, మూడు. ఆ ఇనగుదురుపేట ఇంట్లో మంచానికీ తలుపుకీ మధ్య ఎనిమిది అడుగులు. ఫర్జానా ఊపిరి బిగబట్టి లెక్కపెట్టింది. నాలుగు. ఐదు.

ఏదో బరువైనది నేల మీద పడింది. ఫోన్ ఎక్కడికో దొర్లింది.

"అమ్మీ!"

జవాబు లేదు. లోపల్నుంచి వేసిన గడియ అవతల, ఓపిగ్గా, మర్యాదగా, సులోచన ఇంకా తలుపు కొడుతూనే ఉంది.